పీకేసే ముందు అడగాల్సిన ప్రశ్న

ఢిల్లీ ద్వారకలో పాత బండి నడిపేవాళ్లకు ఏదో ఒక రోజు ఈ సలహా ఎదురవుతుంది. కక్రోలా వైపు షెడ్డులోనో, పాలం సందులోనో బానెట్ ఎత్తి ఉంటుంది. మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "అంకుల్‌జీ, ఈజీఆర్ బంద్ కర్ దేతే హై, పికప్ అచ్ఛా హో జాయేగా" అంటాడు, అంటే డీజిల్ బండిలో ఈజీఆర్ వాల్వు మూసేస్తే బాగా లాగుతుందని. పెట్రోలు బండి అయితే మాట కొంచెం మారుతుంది. సైలెన్సర్ ముందున్న డబ్బాలో జాలీ మూసుకుపోయింది, పగలగొట్టి తీసేస్తే ఇంజనుకు ఊపిరాడుతుందంటాడు. కొత్తది వేయించాలంటే వేలకు వేలు. తీసేయడం ఒక పూట పని. సాయంత్రం ఎవరినో ఎయిర్‌పోర్టులో దింపాలి, బండి కావాలి. తల ఊపేస్తాం.

ఆ తల ఊపే క్షణం గురించే ఈ అధ్యాయం.

పొగలోని విషాన్ని తగ్గించడానికి కంపెనీ అమర్చిన భాగాన్ని తీసేయడం మనలో చాలామందికి తప్పుగా తోచదు, రిపేరులాగే తోస్తుంది. పాడైనది పోయింది, బండి నడుస్తోంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. పైగా ఆ సలహా ఇచ్చినవాడు మనకు పదేళ్లుగా తెలిసిన మనిషి, మన డబ్బు మిగల్చాలనే చెబుతున్నాడు. కాబట్టి ఎదురు ప్రశ్న వేయడానికి మొహమాటం అడ్డొస్తుంది. ఆ మొహమాటాన్ని దాటి ఒక్క ప్రశ్న అడగగలిగితే డబ్బు, బండి, పక్కవాడి ఊపిరితిత్తులు మూడూ మిగులుతాయి. ఆ ప్రశ్న ఇది: "భాయ్‌సాబ్, ఇది ఎందుకు మూసుకుపోయింది?"

ఎందుకంటే ఈ భాగాలు వాటంతట అవి పాడవడం తక్కువ. ఇంజనులో ఇంకెక్కడో మొదలైన జబ్బు వచ్చి వీటి దగ్గర బయటపడుతుంది. బయటపడ్డ చోటును కోసేస్తే లోపలి జబ్బు అలాగే ఉంటుంది, ఇక చెప్పేవాళ్లు కూడా ఉండరు.

బండి కింద ఏముంది

ముందు మనం దేన్ని తీయిస్తున్నామో తెలియాలి. పెట్రోలు కారులో ముఖ్యమైనది కాటలిటిక్ కన్వర్టర్. మన దేశంలో నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు 1995 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి అయింది. సీసం ఉన్న పెట్రోలు దీన్ని చంపేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోలు కూడా అప్పుడే ఆ నగరాల బంకుల్లోకి వచ్చింది. స్టీలు డబ్బా, లోపల పింగాణీ ఇటుక. ఆ ఇటుకను అడ్డంగా కోసి చూస్తే చదరపు అంగుళంలో వందల కొద్దీ సన్నని చతురస్రపు కన్నాలు కనిపిస్తాయి. మెకానిక్ జాలీ అనేది దీన్నే. ఆ కన్నాల గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. వేడి పొగ ఆ పూతను తాకుతూ వెళ్లేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌గా, కాలని ఇంధనపు ఆవిరి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్‌లుగా, నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలు నైట్రోజన్‌గా మారిపోతాయి. బాగున్న కన్వర్టర్ వేడెక్కాక ఈ మూడింటిలో తొంభై శాతానికి పైగా అక్కడికక్కడే తీసేస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు, కరెంటు అక్కర్లేదు. మనిషి తయారుచేసిన వస్తువుల్లో ఇంత నిశ్శబ్దంగా ఇంత మేలు చేసేవి తక్కువని నా నమ్మకం.

డీజిల్ బండిలో ఈజీఆర్ వాల్వు ఉంటుంది. బయటికి పోయే పొగలో కొంత భాగాన్ని మళ్లీ సిలిండర్లోకి పంపుతుంది. అలా చేస్తే లోపల మంట వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. 2020 తర్వాతి భారత్ స్టేజ్-6 (బీఎస్-6) డీజిళ్లలో మసిని పట్టే ఫిల్టరు, కొన్నింటిలో యూరియా ద్రావణం చల్లే ఏర్పాటు కూడా ఉన్నాయి. ఇవి కాక ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా, ఇంజను అడుగు నుంచి వచ్చే నూనె ఆవిరిని మళ్లీ ఇంజనులోకే పంపే చిన్న వాల్వు ఉంటాయి. ఈ చిన్నవాటిని ఎవరూ పనిగట్టుకుని తీయరు, కానీ పైపు చిరిగితే పట్టించుకునేవాళ్లూ ఉండరు.

జబ్బు ఎక్కడ మొదలవుతుంది

ద్వారకలో ఒక మామూలు కారు రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపడం, మెట్రో స్టేషన్ దాకా ఒకరిని వదలడం, సాయంత్రం సెక్టార్ మార్కెట్‌లో కూరగాయలు. ఒక్కో ప్రయాణం రెండు మూడు కిలోమీటర్లు. కన్వర్టర్ పనిచేయడం మొదలుపెట్టాలంటే అది 250 నుంచి 300 డిగ్రీల దాకా వేడెక్కాలి. డిసెంబరు పొద్దున ఆ వేడి అందేలోపే మనం బండి ఆపేస్తాం. ఇంజను చల్లగా ఉన్నంతసేపు ఇంధనం ఎక్కువ తాగుతుంది, సరిగా కాలదు, మసి పడుతుంది. ఆ మసి, నూనె ఆవిరి కలిసి ఈజీఆర్ వాల్వు దగ్గర పేరుకుంటాయి.

ఒకసారి ఆ వాల్వును విప్పించి దగ్గర్నుంచి చూడండి. మీ కళ్లతో చూడటం ముఖ్యం. బొటనవేలు దూరాల్సిన దారి చిటికెన వేలు కూడా పట్టనంతగా పూడిపోయి ఉంటుంది. గోడల మీద తారులాంటి నల్లటి పొర, వేలితో గీస్తే గాడి పడేంత మెత్తన. వాల్వు మధ్యలో ఉండే కడ్డీ పైకి కిందికి ఆడాలి. అది సగం తెరుచుకుని అలాగే ఇరుక్కుపోతే ఇంజనుకు కావాల్సిన గాలి అందదు, పొగ నల్లగా వస్తుంది, పికప్ పడిపోతుంది. మెకానిక్ చెప్పిన లక్షణాలు నిజమే. ఆ వాల్వు విలన్ అన్న నిర్ధారణ దగ్గరే పొరపాటు. కార్బన్ కరిగించే స్ప్రే కొట్టి, నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో తోమి, కొత్త గాస్కెట్ వేసి బిగిస్తే చాలా వాల్వులు మళ్లీ పనిచేస్తాయి. ఎలక్ట్రిక్ మోటారు ఉన్న వైపు మాత్రం తడపకూడదు.

తోమించాక ఆగిపోకండి. అంత మసి ఎక్కడిది? ఇంకొన్ని చూడాలి. గాలి ఫిల్టరు ఎప్పుడు మార్చారు? ఢిల్లీ దుమ్ములో కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చాలి. టర్బో పైపు ఎక్కడైనా చీలిందా? ఇంజెక్టర్లు సరిగా చల్లుతున్నాయా? గాలిని కొలిచే సెన్సర్ మీద దుమ్ము పేరుకుందా? ఇంకొక అనుమానితుడు ఉన్నాడు, వాడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వాడి పేరు థర్మోస్టాట్. ఇంజను తగిన వేడికి వచ్చేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే చిన్న తలుపు అది. మన దేశంలో ఎండలెక్కువ, దీనితో పనేముందని దాన్ని తీసేసే అలవాటు పాత మెకానిక్కుల్లో గట్టిగా ఉంది. తీసేశాక చలికాలంలో ఇంజను ఎప్పటికీ పూర్తిగా వేడెక్కదు. వేడెక్కని ఇంజను ఇంధనం ఎక్కువ తీసుకుంటుంది, మసి పెడుతుంది, ఆ మసి ఈజీఆర్‌ను పూడుస్తుంది. అప్పుడు ఈజీఆర్‌ను కూడా మూసేయమంటారు. ఒక భాగం తీసేసినందుకు వచ్చిన జబ్బుకు ఇంకో భాగం తీసేయడం మందు అవుతోంది. మీ బండిలో థర్మోస్టాట్ ఉందో లేదో ఈ వారంలోనే కనుక్కోండి. ఉష్ణోగ్రత ముల్లు పది పదిహేను నిమిషాలు నడిపినా మధ్యకు రాకపోతే లేనట్టో, తెరుచుకుని ఇరుక్కుపోయినట్టో అనుకోవచ్చు.

పెట్రోలు కన్వర్టర్ కథ ఇంకొంచెం వేరు. స్కానర్ పెడితే పి0420 అనే కోడ్ వస్తుంది. కన్వర్టర్ పనితనం తగ్గిందని దాని అర్థం. దాన్ని చూడగానే డబ్బా పోయిందని తేల్చేస్తారు. ఆక్సిజన్ సెన్సర్ ముసలిదైనా, సెన్సర్‌కు ముందు ఎక్కడైనా పొగ లీకైనా అదే కోడ్ రావచ్చు. ఒకవేళ నిజంగా పాడైనా, దాన్ని పాడుచేసిందెవరో చూడాలి. ప్లగ్గు లేదా కాయిల్ సరిగా పనిచేయక ఒక సిలిండర్లో మంట రాకపోతే, కాలని పెట్రోలు వచ్చి కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి పింగాణీ ఇటుక కరిగి ముద్దయిపోతుంది. ఇంజను నూనె తాగుతుంటే ఆ నూనెలోని భాస్వరం పూత మీద పొరలా పడుతుంది. కాయిల్ మార్చకుండా కన్వర్టర్ కొత్తది వేయించినా అదీ కొన్నాళ్లకు కరుగుతుంది. వందల రూపాయల ప్లగ్గుల్ని పట్టించుకోకపోతే వేల రూపాయల డబ్బా బలవుతుంది.

మూసుకుపోయిందో లేదో ఊహతో తేల్చనక్కర్లేదు. ముందు ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ కన్నంలో ప్రెజర్ గేజ్ పెడితే వెనక్కి తన్నే ఒత్తిడి అంకెల్లో కనిపిస్తుంది. రబ్బరు సుత్తితో డబ్బాను మెల్లగా తడితే, లోపల ఇటుక పగిలి ఉంటే గలగలమంటుంది. ఈ రెండు పరీక్షలూ చేయకుండా పీకేద్దామన్నవాడి దగ్గర్నుంచి బండి వెనక్కి తెచ్చుకోండి.

మైలేజీ పెరుగుతుందన్న మాట

కన్వర్టర్ తీస్తే మైలేజీ, పవర్ పెరుగుతాయన్న నమ్మకం ప్రపంచమంతా ఉంది. మూసుకుపోయిన డబ్బాతో పోలిస్తే పెరుగుతాయి, అందులో సందేహం లేదు. బాగున్న డబ్బాతో పోలిస్తే రోజూ నడిపే కారులో తేడా చెప్పుకోదగ్గది కాదు. అమెరికాలో 1975 మోడల్ కార్లకు కన్వర్టర్లు వచ్చినప్పుడు మైలేజీ తగ్గలేదు, అంతకు ముందు ఏటికంటే పెరిగింది. పొగ శుభ్రం చేసే పని డబ్బాకు అప్పగించాక ఇంజనును మళ్లీ మైలేజీ కోసం సర్దుకునే వీలు ఇంజనీర్లకు దొరికింది.

మన కార్లలో ఇంకో చిక్కు ఉంది. ఇంజను కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సర్ల మాట విని ఇంధనం కొలుస్తుంది. డబ్బా ఖాళీ చేస్తే డాష్‌బోర్డు మీద ఇంజను లైటు వెలిగి ఉంటుంది. ఆ లైటు ఆర్పడానికి సెన్సర్‌ను మోసగించే చిన్న ముక్క ఒకటి బిగిస్తారు, లేదా కంప్యూటర్‌లో ఆ హెచ్చరికనే చెరిపేస్తారు. ఆ తర్వాత నిజంగా ఏదైనా పాడైనా మీకు తెలియదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే ఉంటుంది ఈ పని.

ఇక డబ్బు సంగతి. తీసిన డబ్బా ఎక్కడికి పోతుంది? అందులోని ప్లాటినం, పల్లాడియం, రోడియం స్క్రాప్ మార్కెట్‌లో మంచి ధర పలుకుతాయి. ఢిల్లీ చుట్టుపక్కల మారుతి ఈకో వ్యాన్ల కింద నుంచి సైలెన్సర్లు దొంగలు కోసుకుపోయేది ఈ లోహాల కోసమే. కాబట్టి ఎవరైనా తీసినందుకు కూలీ కూడా అక్కర్లేదంటే కారణం అర్థం చేసుకోండి. మీ ఖర్చు మిగలలేదు, మీ సొత్తు చేతులు మారింది.

"పీయూసీ వచ్చేస్తుంది కదా"

కాలుష్య పరీక్ష సర్టిఫికెట్ (పీయూసీ) ఎలాగూ వస్తుందన్నది నాకు ఎక్కువగా వినిపించే సమాధానం. వస్తుంది, నిజమే. ఎందుకు వస్తుందో తెలిస్తే ఆ ధైర్యం పోతుంది.

డీజిల్ బండికి పీయూసీ కేంద్రంలో చేసేది పొగ ఎంత నల్లగా ఉందో చూసే పరీక్ష. గేరు వేయకుండా యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కి, పొగ గుండా వెలుతురు ఎంత దాటిందో కొలుస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లను ఆ యంత్రం కొలవదు. ఈజీఆర్ మూసేస్తే నల్ల పొగ కాస్త తగ్గి, కంటికి కనిపించని నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. అంటే గాలికి ఎక్కువ కీడు చేస్తున్న బండి ఈ పరీక్షలో మెరుగైన అంకెలు తెచ్చుకోవచ్చు! యజమాని ఆ కాగితం చూసుకుని, తాను మంచి పనే చేశానని మనస్ఫూర్తిగా నమ్ముతాడు.

ఆ కనిపించని వాయువు ఏం చేస్తుంది? నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరి గొట్టాల్ని మంటపెడుతుంది, ఆస్తమా ఉన్న పిల్లలకు నేరుగా హాని చేస్తుంది. ఎండ తగిలితే ఓజోన్ పుట్టడానికి కారణమవుతుంది. గాలిలోని అమ్మోనియాతో చేరి అమ్మోనియం నైట్రేట్ అనే సన్నని ధూళిగా మారుతుంది. శీతాకాలంలో ద్వారక సెక్టార్ 8 స్టేషన్ చూపించే పీఎం 2.5 అంకెల్లో పొగ గొట్టం నుంచి ధూళిగా వచ్చిందే కాక, వాయువుగా వచ్చి గాలిలో ధూళిగా మారిందీ కలిసి ఉంటుంది. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లోనే తేల్చింది.

పీయూసీ కేంద్రాల నమ్మకం సంగతి కూడా ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. ఢిల్లీలో వాహన కాలుష్యం మీద కాగ్ ఇచ్చిన నివేదిక 2025 ఏప్రిల్‌లో అసెంబ్లీ ముందుకు వచ్చింది. పరిమితి దాటి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు వదులుతున్న 1.08 లక్షల వాహనాలకు సర్టిఫికెట్లు ఇచ్చేశారని అందులో ఉంది. కాగితం చేతికి రావడం, గాలి బాగుండటం రెండూ ఒకటి కావు.

ఈ మాయ పెద్ద కంపెనీలే చేశాయి. కారు పరీక్షలో ఉందని పసిగట్టి, అప్పుడు మాత్రమే శుభ్రంగా నడిచే సాఫ్ట్‌వేర్‌ను ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల డీజిల్ కార్లలో పెట్టిందని 2015 సెప్టెంబరులో బయటపడింది. మన దేశంలోనూ ఆ కంపెనీ మూడు లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిచి సరిచేస్తానంది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల జరిమానా వేసింది, తర్వాత సుప్రీంకోర్టులో దానిపై స్టే వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు మనందరికీ కోపం వచ్చింది. షెడ్డులో వాల్వు మూయించిన రోజు మనం చేసిందీ అదే పని, ఒక్క బండి మేరకు.

ఒక్క బండితో ఏమవుతుందనేవాళ్లకు అమెరికా లెక్క ఒకటి ఉంది. అక్కడి పర్యావరణ సంస్థ 2020లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం పదేళ్లలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్ ట్రక్కుల నుంచి ఈ పరికరాలు తీసేశారు. గాలి మీద దాని ప్రభావం అదనంగా 90 లక్షల డీజిల్ ట్రక్కుల్ని రోడ్డెక్కించినంత. ఒక్కొక్కరూ ఒక్క బండే తీయించుకున్నారు. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లను అడగండి, అక్కడ స్మాగ్ పరీక్షలో పొగ అంకెలతో పాటు బండి కింద కన్వర్టర్ ఉందో లేదో కూడా చూస్తారు. లేకపోతే అక్కడితో ఫెయిల్.

ఢిల్లీ చట్టం, మీ బండి

ఇక్కడ ద్వారకవాసులకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఉంది, దీన్ని జాగ్రత్తగా చదవండి.

పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు ఢిల్లీ పరిధిలో తిరగకూడదని హరిత ట్రిబ్యునల్ 2014, 2015లలో ఇచ్చిన ఆదేశాలను 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2025 జులై 1 నుంచి అలాంటి బండ్లకు బంకుల్లో ఇంధనం పోయకూడదన్న నిర్ణయం వచ్చింది, ప్రజల నుంచి వ్యతిరేకత రావడంతో కొద్ది రోజుల్లోనే వాయిదా పడింది. ఆగస్టు 12న, వయసు ఒక్కటే కారణంగా యజమానులపై బలవంతపు చర్యలు వద్దని సుప్రీంకోర్టు చెప్పింది. డిసెంబరు 17న ఆ ఉత్తర్వును సవరించి, ఆ రక్షణ బీఎస్-4, ఆపై ప్రమాణాల బండ్లకే అంది. ఢిల్లీలో కొత్త కార్లకు బీఎస్-4 వచ్చింది 2010 ఏప్రిల్‌లో. ఆ మర్నాడే, డిసెంబరు 18 నుంచి, చెల్లుబాటయ్యే పీయూసీ లేని బండికి ఢిల్లీ బంకుల్లో ఇంధనం ఇవ్వకూడదన్న నిబంధన అమలులోకి వచ్చింది.

దీని అర్థం ఏమిటి? మీ పాత కారును ఇవాళ ఇంటి ముందు నిలబెడుతున్నది బీఎస్-4 అన్న ఆ ముద్ర. ఆ ముద్రకు ఆధారం ఆ కన్వర్టర్, ఆ ఈజీఆర్, ఆ సెన్సర్లు. వాటిని తీయించిన రోజు ఆర్సీ కాగితం మీద బీఎస్-4 అని ఉంటుంది, బండిలో ఉండదు. కోర్టు మీకు ఇచ్చిన మినహాయింపును మీ చేతులతో మీరే ఖాళీ చేసుకున్నట్టు. పాత బండ్లను వయసుతో కాకుండా అవి వదిలే పొగతో తూచాలని ఢిల్లీ యజమానులు ఏళ్ల తరబడి వాదిస్తున్నారు. న్యాయమైన వాదన, నేనూ దాని వైపే. ఆ వాదన నిలబడాలంటే మన పొగ గొట్టం శుభ్రంగా ఉండాలి.

మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అనుమతి లేని మార్పుల్ని నిషేధిస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం, అనుమతించని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద 10,000 వరకు. బుల్లెట్ కుర్రాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. హైదరాబాద్‌లో, విశాఖలో పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించిన సైలెన్సర్ల గొడవ శబ్దం గురించే అనుకుంటారు. కొత్త బైకుల్లో కన్వర్టర్ ఆ గొట్టాల్లోనే ఉంటుంది. సైలెన్సర్ మార్పించినవాళ్లు చాలాసార్లు దాన్నీ పారేసుకుంటున్నారు.

చలికాలంలో గాలి మరీ చెడినప్పుడు గ్రాప్ (గాలి చెడే కొద్దీ ఆంక్షలు పెంచే ప్రణాళిక) మూడో దశ కింద బీఎస్-3 పెట్రోలు, బీఎస్-4 డీజిల్ కార్లను ఆపేస్తారు. మీది ఆ కోవ బండి అయితే ఆ రోజుల్లో ఎంత బాగున్నా బయటికి తీయకండి.

అప్పటికే తీసేసి ఉంటే

ఢిల్లీ బండి చవకగా వచ్చిందని విజయవాడలోనో, కరీంనగర్‌లోనో కొనుక్కున్న బంధువులు మీకూ ఉండే ఉంటారు. వాళ్లకు ఒక పరీక్ష చెప్పండి. తాళం తిప్పి ఇంజను స్టార్ట్ చేయకుండా ఆగితే డాష్‌బోర్డు మీద ఇంజను లైటు వెలగాలి. స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ లైటును ఎవరో కావాలని చంపారు. లిఫ్ట్ మీద ఎక్కించి చూస్తే డబ్బా ఉన్న చోట సాదా పైపు, లేదా డబ్బా మీద కోసి మళ్లీ అతికించిన వెల్డింగ్ గీత కనిపిస్తుంది. ఈజీఆర్ గొట్టం కలిసే చోట గాస్కెట్ అంచు దాటి రేకు ముక్క తొంగిచూస్తుంటే, అది దారి మూసిన ప్లేటు.

ప్లేటు తీసేయడం తేలిక, వాల్వు తోమించి మళ్లీ కలపొచ్చు. ఖాళీ అయిన కన్వర్టర్‌కు మాత్రం కొత్తది వేయాలి. కంపెనీ భాగం ధర భరించలేకపోతే మీ మోడల్‌కు సరిపడే బయటి కంపెనీ కన్వర్టర్లు దొరుకుతాయి. బిల్లు, గ్యారంటీ కాగితం లేకుండా కొనకండి. స్క్రాప్‌లోంచి తెచ్చిన వాడేసిన డబ్బా అసలు వద్దు, దాని పూత ఎంత మిగిలిందో బయట నుంచి ఎవరూ చెప్పలేరు. కంప్యూటర్‌లో ఏమైనా చెరిపి ఉంటే అసలు సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించమని కంపెనీ సర్వీసు కేంద్రంలో అడగండి. అమ్మేవాళ్లయితే కొనేవాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

వదిలేయాల్సి వస్తే

కొన్ని బండ్లకు ఇంజనే నూనె తాగుతుంటుంది, మొత్తం విప్పి రింగులు మార్చే ఖర్చు బండి విలువను మించుతుంది. అలాంటప్పుడు పరికరాలు పీకి ఇంకో రెండేళ్లు లాగడం సరైన దారి కాదు. బండి ఒంట్లో బాగుండి, ఢిల్లీలోనే చోటు లేకపోతే ఫారం 28తో నిరభ్యంతర పత్రం తీసుకుని, నిబంధనలు ఒప్పుకునే చోట మళ్లీ రిజిస్టర్ చేయించవచ్చు. నాలుగు చక్రాల పెట్రోలు బండికి ఆమోదం ఉన్న సీఎన్‌జీ కిట్ వేయించి ఆర్సీలో ఎక్కించుకోవచ్చు. తుక్కుకే వేయాలనుకుంటే వీధిలో వచ్చే కబాడీవాడికి ఇవ్వకండి. రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త సొంత బండి కొన్నప్పుడు రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీకి వీలుంది. ఆ కేంద్రాలు నోయిడా వైపు కూడా ఉన్నాయి. పాత ఆర్సీ రద్దయిందో లేదో చూసుకోవడం మరవకండి, మీ పేరు మీదున్న బండి ఇంకెవరి చేతిలోనో తిరగకూడదు.

నిర్ణయం తీసుకునే తీరు

ఇంత తెలిసినా షెడ్డులో నిలబడ్డప్పుడు నోరు పెగలదు. దానికి కారణం తెలివితక్కువతనం కాదు. లాభం మనది, ఇవాళే చేతికొస్తుంది, లెక్కకు అందుతుంది. నష్టం పేరు తెలియని వేలమందికి చిటికెడు చొప్పున పంచబడుతుంది. అలాంటి తూకంలో మన మనసు ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది. ఆ వేలమందిలో ఒకరికి ముఖం ఇవ్వండి. పొద్దున ఏడున్నరకు ఏదైనా స్కూలు గేటు ముందు నిలబడి చూడండి. ఇంజను ఆపని కార్ల వరస, వాటి పొగ గొట్టాలకు కాస్త పైన, సంచి మోసుకుంటూ నడిచే ఒకటో తరగతి పిల్లల ముక్కులు. పెద్దవాళ్ల కంటే వాళ్లు తమ బరువును బట్టి ఎక్కువ గాలి పీలుస్తారు.

నేను చెప్పే పద్ధతి చిన్నది. పీకేద్దామన్న మాట వినగానే అక్కడికక్కడ ఔననకండి, కాదనకండి. "రేపు చెబుతాను భాయ్‌సాబ్, ఈలోపు కోడ్ ఏమొచ్చిందో రాసివ్వండి" అనండి. ఆ ఒక్క రాత్రి చాలు. కోడ్ చేతిలో ఉంటే ఇంకో చోట అడగొచ్చు. రెండో మెకానిక్ కూడా అదే కారణం చెబుతున్నాడా, కారణం వెతకకుండా భాగం పేరే చెబుతున్నాడా చూడండి. పాత భాగం మార్చాల్సే వస్తే పాతదాన్ని మీ డిక్కీలో పెట్టించుకోండి. మెకానిక్‌ను అవమానించక్కర్లేదు, చాలామందికి కస్టమర్ అడిగే తక్కువ ఖర్చే ఈ పనులు నేర్పింది. తోమడానికి పట్టే మూడు గంటల కూలీ సరిగ్గా ఇచ్చే కస్టమర్ దొరికితే తోమేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు.

రెండు కిలోమీటర్లకు కారు తీయడం తగ్గించండి. వారానికోసారి ద్వారక ఎక్స్‌ప్రెస్‌వే మీద అరగంట ఒకే వేగంతో నడిపించండి, ఇంజను, కన్వర్టర్ పూర్తిగా వేడెక్కుతాయి. గాలి ఫిల్టరు, ప్లగ్గులు, నూనె తేదీలు గ్లవ్‌బాక్స్‌లో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఈ ఆదివారం మీ బండిని లిఫ్ట్ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లి, కింద కన్వర్టర్ ఉందో లేదో, ఈజీఆర్ దారి తెరిచి ఉందో లేదో మీ కళ్లతో చూసి రండి. చలి ముదరక ముందే ఆ పని చేయండి.